అరవై ఒక్కసారి

నాహీద్ చేసే పని ఏమిటో కోరుట్లలో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయింది పాపం. "కంప్యూటర్ల యాడ్లు పెడతది" అని తల్లి అమీనా చెబితే పక్కింటివాళ్లు "టీవీల వస్తదా?" అని అడిగేవారు. టీవీలో రాదనగానే వాళ్లకు ఆ సంగతి మీద ఉత్సాహం పోయేది. గోడల మీద పోస్టర్లు అంటించడానికా పిల్లను ఇంజనీరింగ్ చదివించిందని మేనమామ ఒకాయన ఎగతాళి చేశాడు కూడా. నిజానికి ఆయన అన్నదాంట్లో పెద్ద తప్పేం లేదు. గోడ మారింది, జిగురు మారింది, అంతే.

హైదరాబాద్‌లో ఒక తెలుగు వార్తల వెబ్‌సైట్ ఉండేది. వార్తకు పైనా పక్కనా కిందా ఖాళీ గడులు వదిలేవారు. ఏ గడిలో ఎవరి ప్రకటన రావాలి, అది ఏ ఊరివాళ్లకు కనబడాలి, రోజుకు ఎన్నిసార్లు కనబడాలి అన్నది తెర వెనక కూర్చుని అమర్చే ఇంజనీర్లలో నాహీద్ ఒకతి. అన్నీ సరిగ్గా నడిస్తే అలాంటి మనిషి ఒకతి ఉందని ఎవరికీ గుర్తుండదు. ఒక్క గడి తప్పితే మాత్రం పొద్దున్నే ఫోన్లో తిట్లు. నాలుగేళ్లుగా ఆ తిట్లు బహు తక్కువగా తిన్న పిల్ల నాహీద్. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేది కూడా ఆమే. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

2011 సెప్టెంబర్‌లో తల్లి కంటి ఆపరేషన్ ఉందని రెండు రోజుల సెలవు మీద కోరుట్ల వచ్చింది. ఆపరేషన్ బాగానే అయింది. ఆ వెంటనే సకల జనుల సమ్మె మొదలైంది. బళ్లు, ఆఫీసులు మూతబడ్డాయి, బస్సులు డిపోల్లోంచి కదలలేదు. బొగ్గు తవ్వేవాళ్లు కూడా సమ్మెలో ఉన్నారు కాబట్టి కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో దానికే తెలియదు. నాహీద్ ఇంట్లోనే ఇరుక్కుపోయింది. ఆఫీసులో ఆమె పైఅధికారి సాకేత్ రావు, "అక్కడి నుంచే పని చేయి, ల్యాప్‌టాప్ ఉంది కదా" అన్నాడు. ఆ ల్యాప్‌టాప్ ఎక్కడ తెరిచినా ముందు ఆఫీసు లైనుకు కలిసి, అక్కడినుంచే బయటికి పోతుంది. అంటే మనిషి కోరుట్లలో ఉన్నా దాని లెక్కన ఆమె హైదరాబాద్ ఆఫీసులో కూర్చున్నట్టే.

తండ్రి ఫరూఖ్‌కు బస్టాండు దగ్గర కుట్టు మిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. సమ్మెలో దుకాణం కట్టేసి, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ ముందు కూర్చుని కూతురు పనిచేసే వెబ్‌సైటే చదివేవాడు. కూతురు రాసిన వార్తలని ఆయన నమ్మకం. ఎన్నిసార్లు కాదని చెప్పినా వినడు.

అక్టోబర్ మొదట్లో ఒక బుధవారం పొద్దున అమృత ఫోన్ చేసింది.

అమృతది సిరిసిల్ల. జగిత్యాల దగ్గర ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ ఇద్దరిదీ హాస్టల్లో ఒకటే గది. అమృత తండ్రి సమ్మయ్య మరమగ్గాల మీద పనిచేసేవాడు. నెలకోసారి కూతుర్ని చూడటానికి వచ్చి, నాహీద్‌కు కూడా విడిగా ఒక పొట్లం సకినాలు ఇచ్చిపోయే మనిషి. "గీమె తినకపోతే నువ్వు కూడ తినకు బిడ్డ" అని అమృతకు చెప్పి మరీ పోయేవాడు.

"మా బాపు ఇంట్ల లేడే" అంది అమృత. గొంతు మామూలుగానే ఉంది. అదే నాహీద్‌ను భయపెట్టింది. "సోమవారం పొద్దుగాల పోయిండు. సెల్లు గూట్లె పెట్టి పోయిండు."

"ఎక్కడెక్కడ చూసిన్రే?"

"చుట్టాలందరికి ఫోన్లు చేసినం. నిన్న నేను వేములవాడ పోయి గుడికాడ, లాడ్జిలల్ల ఫొటో చూపిచ్చుకుంట తిరిగిన. పోలీస్ టేషన్ల చెప్పినం. బందోబస్తుకే మనుషులు సాల్తలేరు, ఫొటో ఇచ్చి పోండ్రి అన్నరు."

మిగతాది మెల్లగా బయటికి వచ్చింది. సమ్మయ్య రెండేళ్లుగా దీక్షా శిబిరంలో మనిషి. నినాదం ఎత్తుకుంటే గాంధీ చౌక్ దాకా వినబడేది. తమ గల్లీలో డిగ్రీ చదివే ఒక పిల్లవాణ్ని శిబిరానికి తొలిసారి తీసుకుపోయింది ఆయనే. ఆ పిల్లవాడు తెలంగాణ కోసమని చీటీ రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడు. ఆ రోజు నుంచి సమ్మయ్య ఆ ఇంటి ముందు నుంచి నడవడం మానేసి చుట్టూ తిరిగి పోయేవాడు. ఇప్పుడు మగ్గాలు ఆగిపోయాయి, సమ్మె కూడా ఏమీ తేలకుండానే ముగిసిపోతుందని ఊళ్లో గుసగుసలు. ఆదివారం నాడు తిండి దగ్గర మాటామాటా వచ్చింది.

"నేనే అన్న నాహీద్. నువ్వు శిబిరంల కూసుంటె తెలంగాణ రాలె, గా పోరడు మాత్రం పోయిండు అన్న." అంది అమృత. "గట్ల అనాల్సింది కాదు. నోట్లెకెళ్లి ఎట్ల వచ్చిందో వచ్చింది. బాపు తింటున్న కంచం పక్కకు వెట్టి లేసిండు. తెల్లారి లేడు."

నాహీద్‌కు ఓదార్చే మాట ఒక్కటీ దొరకలేదు. దొరికింది పని. అలాంటి మనిషే ఆమె, కష్టం ఎదురైతే చేతులకు పని వెతుక్కుంటుంది. "ఆగు, మా వెబ్‌సైట్ల ఏస్త. ఫొటో పంపు. ఏం రాయాల్నో కూడ నువ్వే పంపు" అంది.

అమ్ముడుపోని గడులు ఖాళీగా కనబడకుండా వెబ్‌సైట్‌వాళ్లు తమ సొంత ప్రకటనలు ఏవో వేసుకుంటారు. ఆ జాగాలో సమ్మయ్య ఫొటో పెట్టొచ్చు. సాకేత్ రావును అడిగితే వెంటనే ఒప్పుకున్నాడు. అతను చెడ్డవాడేం కాదు. "పాపం, వేయి. కానీ హైదరాబాద్ ముట్టకు. అక్కడ గడులన్నీ ఫ్లాట్ల కంపెనీ తీసుకుంది, ఒక్కటి కూడా ఖాళీ లేదు. కరీంనగర్ జిల్లా వరకే పెట్టుకో. మీకు కావలసింది అదే కదా" అన్నాడు.

నిజమే, కావలసింది అదే. బస్సులు లేని రోజుల్లో ఆ మనిషి ఎంత దూరం పోతాడు? సిరిసిల్ల, వేములవాడ, కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల అన్నీ అప్పట్లో ఆ జిల్లాలోనివే. నాహీద్ ప్రకటన తయారుచేసి, ఎవరికి కనబడాలి అన్నచోట కరీంనగర్ జిల్లా అని ఎంచుకుంది. మధ్యాహ్నం పన్నెండింటికల్లా మొదలుపెట్టేసింది.

ఫొటోలో సమ్మయ్య తెల్ల చొక్కా వేసుకుని, మెడలో గులాబీ కండువాతో, కొంచెం బిత్తరపోయినట్టు చూస్తున్నాడు. ఫొటో కింద అమృత పంపిన మాటలు పెద్ద అక్షరాలతో ఉన్నాయి. "బాపూ, నేనన్న మాట తప్పయింది. మనసుల పెట్టుకోకు. ఎక్కడున్నా ఇంటికి రా. నీ బిడ్డ అమృత." దాని కింద ఫోన్ నంబరు.

ఈ పనిలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రకటన మొదలుపెట్టాక, పేజీలో అది ఎలా కనబడుతుందో ఒక తెర బొమ్మ తీసి ఇచ్చినవాళ్లకు పంపాలి. దానికోసం ప్రివ్యూ అని ఒక లింకు ఉంటుంది. అది నొక్కితే, ఊరు జిల్లా నియమాలతో సంబంధం లేకుండా ఆ ప్రకటన తప్పనిసరిగా ఆ గడిలో ప్రత్యక్షమవుతుంది. అచ్చం దర్జీ కొలతల బొమ్మకు చొక్కా తొడిగి చూపించినట్టు. మనిషికి సరిపోయిందా లేదా అన్నది వేరే సంగతి. నాహీద్ నాలుగేళ్లలో కొన్ని వేలసార్లు చేసినట్టే ఆ రోజు కూడా ప్రివ్యూ తెరిచి, బొమ్మ తీసి, అమృతకు పంపింది. అమృత దాన్ని నెట్ సెంటర్లో ప్రింటు తీయించి తల్లికి చూపించింది. తల్లి మొగిలవ్వకు చదువు రాదు. సమ్మె వార్త పక్కనే తన మొగుడి మొఖం చూసి, "గింత పెద్దగ వచ్చిందా!" అని ఆ కాయితాన్ని కళ్లకద్దుకుంది.

గురువారం అమృత మళ్లీ ఫోన్ చేసింది. "అవ్వకు మనసున వడ్తలేదే. వేములవాడనే ఉన్నడు అంటది. ఆయన ఏ కష్టమచ్చినా రాజన్న గుడి దగ్గర్కే పోతడు అని ఒకటే మాట. మళ్ల ఒక్కసారి పోయి చూసిరావాల్నా? పన్నెండు కిలోమీటర్లే కదా, నడిచి పోత."

ఒక వెధవ సలహా నాహీద్ నోటినుంచి వచ్చింది ఇక్కడే. మంచి మనసుతోనే వచ్చింది. అదే కదా ఖర్మ. "మొన్ననే చూసినవ్ కదనే. ఆడ ఎన్ని లాడ్జిలున్నయ్, ఒక్కదానివి ఎన్ని తిరుగుతవ్? మీ అమ్మకు బీపీ ఉన్నది, ఒంటరిగ ఇడిసిపెట్టి పోకు. జిల్లా అంత ఫొటో వస్తుంది. బస్సులు ఎప్పుడు వడ్తయా అని అందరు గా వెబ్‌సైటే చూస్తున్నరు. చూసినోళ్లు నీకే ఫోన్ చేస్తరు. నువ్వు ఫోన్ కాడ ఉండు."

"సరే" అంది అమృత. చదువుకునే రోజుల నుంచీ కంప్యూటర్ సంగతి ఏదైనా నాహీద్ చెప్పిందే ఆమెకు ఖాయం.

శుక్రవారం ఫోన్ రాలేదు. శనివారమూ రాలేదు. ఆ సాయంత్రం కరెంటు వచ్చిన కాసేపటికి ఫరూఖ్ పాత కంప్యూటర్ ముందు నుంచి కేకేశాడు. ఆ ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూలో, మనం తెలుగులో చెప్పుకుందాం.

"ఏంది బేటా, మీవాళ్లు నా వెంట పడ్డరు? పొద్దున చూసిన ఫ్లాట్లే, పొద్దుమీకి చూసిన ఫ్లాట్లే. కూకట్‌పల్లిల ఇల్లు కొనుక్కో, కొనుక్కో అని. నేను కోరుట్లల ఉన్న అని వాళ్లకు ఎవరన్న చెప్పున్రి."

వంటింట్లో తల్లి కంట్లో మందు వేస్తున్న నాహీద్ నవ్వింది. "మన ఇంటి పెంకులు కారుతున్నయని వాళ్లకు తెలిసింది అబ్బాజాన్!" అంది. ముగ్గురూ నవ్వారు. ఆ పూట ఇంట్లో అందరూ నవ్వింది అదొక్కసారే.

కోరుట్లలో ఉన్న తండ్రికి హైదరాబాద్ ప్రకటనలు ఎందుకు వస్తున్నాయి అని ఆ ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే చాలు. ఇంకా ఒక రోజు చేతిలో ఉంది. ఆగలేదు. మందు చుక్కలు లెక్కబెడుతూ ఉండిపోయింది.

సోమవారం పదింటికి ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ అయిపోయి, నాహీద్ తండ్రి కంప్యూటర్ ముందు కూర్చుంది. వెబ్‌సైట్ తెరిచింది. పక్కన కింద నాలుగు వరుసల చిన్న వార్త ఒకటి కనబడింది. ఆదివారం వేములవాడలో ఒక లాడ్జి గదిలో సిరిసిల్లకు చెందిన మరమగ్గాల కార్మికుడు సమ్మయ్య, వయసు సుమారు యాభై, ఆత్మహత్య చేసుకున్నాడు. జేబులో దొరికిన రేషన్ కార్డు నకలు వల్ల గుర్తించారు.

పేరు రెండుసార్లు చదివింది. వార్త మీద నొక్కింది. పేజీ మెల్లగా తెరుచుకుంది. ఆ వార్త పక్కన ఉన్న గడిలో, పచ్చటి చెట్ల మధ్య తెల్లటి మేడలు, బాల్కనీలో నవ్వుతున్న ఒక కుటుంబం కనబడ్డాయి. హైదరాబాద్ వాసులకు మాత్రమే ప్రత్యేక ఆఫర్ అని రాసి ఉంది. ఆ ప్రకటన అక్కడ అమర్చింది ఆమే.

ఆమె ఏడవలేదు. ఏడుపు రావడానికి ముందు బుర్రలో ఒక ప్రశ్న వచ్చి అడ్డంగా నిలబడింది. కోరుట్లలో, ఈ కంప్యూటర్లో, ఇది ఎందుకు వచ్చింది?

జవాబు ఆమెకు తెలుసు. కొత్తవాళ్లకు మొదటి వారంలోనే చెప్పే పాఠం అది. నెట్‌కు కలిసిన ప్రతి కంప్యూటర్‌కూ ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరు ఏ ఊరిదో ఒక పట్టిక చెబుతుంది. పట్టిక చూసేది మనిషి కూర్చున్న చోటు కాదు, లైను పోయి కలిసిన చోటు. జగిత్యాలలో కూర్చున్నా, కోరుట్లలో కూర్చున్నా, సిరిసిల్లలో కూర్చున్నా ఆ లైన్లన్నీ చివరికి హైదరాబాద్‌లోనే కలుస్తాయి. పట్టిక లెక్కన ఇక్కడివాళ్లంతా హైదరాబాద్ వాళ్లే. "చిన్న ఊళ్లను నమ్మి టార్గెట్ పెట్టకండి, అక్కడ ఎవరూ దొరకరు" అని నాహీద్ నోటితోనే ఎంతమందికి చెప్పిందో. సొంత ఊరు వచ్చేసరికి ఆ పాఠం మరిచిపోయింది. తను పుట్టి పెరిగిన జిల్లా పట్టికలో లేకుండా పోతుందని ఏ మనసుకు తడుతుంది?

ల్యాప్‌టాప్‌ను కరెంటుకు తగిలించి రిపోర్టు తీసింది. డబ్బు తీసుకోని ప్రకటన కాబట్టి ఆ రిపోర్టు ఎవరూ అడగలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె కూడా చూడలేదు. ఫ్లాట్ల ప్రకటన ఆ ఐదు రోజుల్లో లక్షల సార్లు కనబడింది. సమ్మయ్య ఫొటో కనబడింది అరవై ఒక్కసారి.

అప్పుడు ఏడ్చింది. ఫరూఖ్ ఏమైందో అర్థంకాక నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

సాకేత్ రావుకు ఫోన్ చేసి చెప్పింది. "నేనే కదా జిల్లా వరకే పెట్టమన్నది. నాకూ తట్టలేదు" అన్నాడు. ఆ తర్వాత గొంతు మార్చి, "చూడు, ఆ ప్రకటన తీసేయ్. రిపోర్టు ఎవరూ అడగరు. ఆయన చూసుంటే ఆగేవాడని మాత్రం గ్యారంటీ ఏముంది? ఎవరికీ చెప్పకు, వాళ్లకు ఇంకా బాధ" అన్నాడు.

చెప్పకుండా ఉండటానికి నాహీద్ కూడా గట్టిగానే ప్రయత్నించింది. శవం సిరిసిల్ల చేరిన రోజు ఫోన్లో అమృత మాట్లాడే స్థితిలో లేదు. ఆ తర్వాత మాట్లాడినా రెండు మాటలకు మించలేదు. ఆయన చూసినా ఆగేవాడు కాదు అన్న మాటను నాహీద్ రోజుకు పదిసార్లు లోపల చెప్పుకునేది. కొన్నిసార్లు నమ్మేది కూడా.

బస్సులు తిరగడం మొదలైన రోజే, పదకొండో దినం అని విని, ఆమె సిరిసిల్ల బయల్దేరింది. మేడిపల్లి దాటేదాకా బస్సులో అందరూ సమ్మె ఏం సాధించిందని కొట్లాడుకుంటూనే ఉన్నారు. జగిత్యాలలో మారి సిరిసిల్ల బస్సెక్కింది. అది వేములవాడ మీదుగానే పోతుంది. వేములవాడ బస్టాండులో బస్సు ఆగగానే, అనుకోకుండానే దిగిపోయింది. దారి అడుగుతూ ఆ లాడ్జికి పోయింది. చూసినా ఆగేవాడు కాదన్నది ఖాయం చేసుకుందామని కాబోలు.

లాడ్జి యజమాని పేరు శశిధర్ రావు. ఒకప్పుడు చుట్టుపక్కల రెండు ఊళ్ల మీద పెత్తనం చేసిన ఇంటివాడు, ఇప్పుడు గుడికి వచ్చే జనానికి గదులు అద్దెకిస్తున్నాడు. చచ్చిపోయిన మనిషి మాట ఎత్తగానే కసురుకున్నాడు. పోలీసులు పిలిచి పిలిచి ఆయనకు తల ప్రాణం తోకకు వచ్చింది. సమ్మయ్య కూతురికి స్నేహితురాలినని చెప్పాక, కుర్చీ చూపించాడు.

"బుధవారం పొద్దుమీకి వచ్చిండమ్మ. కరీంనగర్ నుంచి నడిచొచ్చిన అన్నడు. కాళ్లు వాసినయ్. ఊరు మేడిపల్లి అని రాయిచ్చిండు. నాకేం ఎర్క?" కౌంటరు మీద ఒక కంప్యూటర్ ఉంది. శశిధర్ రావు దాని మీద చేయి వేశాడు. "పొద్దున లేస్తె వచ్చి గిదో, నువ్వు కూసున్న కుర్చీలనే కూసునేది. దొరా, సమ్మె ఏమాయె, బస్సులు వడ్తయా, చదువున్రి అనేది. నేను చదివి చెప్పేది. ఆయన కూడ ముందటికి వంగి అద్దాలు పెట్టుకోని చూసేది. దినాం రెండు పూటల అదే పని."

"ఏ వెబ్‌సైట్ సార్?" అని అడిగింది నాహీద్. అడగకపోయినా తెలుసు.

ఆయన మౌస్ కదిలించాడు. తెర వెలిగింది. వార్తలు, పక్కన తెల్లటి మేడలు, బాల్కనీలో నవ్వుతున్న కుటుంబం.

"గా ఇల్లు చూసి నవ్వేది" అన్నాడు శశిధర్ రావు. "గింత మంచి ఇంట్ల ఉన్నోళ్లు అసలు కొట్లాడుకుంటరా దొరా, అని అడిగిండు ఒకపాలి."

నాహీద్ ఎలా లేచిందో, ఎలా బస్సెక్కిందో ఆమెకు గుర్తులేదు.

సిరిసిల్లలో ఆ గల్లీ చివర ఇల్లు. మగ్గాలు మళ్లీ నడుస్తున్నాయి, నేల సన్నగా అదురుతూ ఉంది. వచ్చిన చుట్టాలు తిని పోతున్నారు. ముందుగదిలో గోడవారగా పీట వేసి, దాని మీద దండ వేసిన ఫొటో పెట్టారు. నాహీద్ దగ్గరికి పోయి చూసింది. అది ఫొటో కాదు. అద్దం కట్టించిన ప్రింటు. సమ్మె వార్త పక్కన గులాబీ కండువాతో సమ్మయ్య, కింద అమృత మాటలు. ఆమె తీసి పంపిన తెర బొమ్మ.

మొగిలవ్వ వచ్చి ఆమె చేయి పట్టుకుంది. "గింతకంటె మంచి ఫొటో లేకుండె బిడ్డ. ఎవ్వలు చేస్తరు గిట్ల? జిల్లంత చూపిచ్చినవ్. నీ రుణం ఎట్ల తీరుతది?" అంది. ఆ చేతుల్లో బలం లేదు. అయినా నాహీద్ వాటి మధ్య నుంచి తన చేయి లాక్కోలేకపోయింది.

అమృత ఆమెను పెరట్లోకి తీసుకుపోయింది. గిన్నెలు తోమే బండ పక్కన ఇద్దరూ కూర్చున్నారు. అమృత సగమైపోయింది. కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

"నేను ఇంకా ఏడ్వలె, తెల్సా? అందరు ఏడ్వు ఏడ్వు అంటరు" అంది. "లాడ్జాయన పోలీసులకు చెప్పిండట. బాపు దినాం కంప్యూటర్ ముందల కూసునేదట. మీ వెబ్‌సైటే."

నాహీద్ తల వంచుకుంది.

"అంటె చూసిండు కదనే. నాలుగు దినాలు నేను రాసింది చూసిండు. చూసి, చదువుకోని, అయినా రాలె." అమృత ఒక గిన్నె అంచును గోటితో గీరుతూ ఉంది. "నేను గట్ల అన్నందుకు పోయిండంటె ఓర్చుకుందును. తప్పయింది, ఇంటికి రా అన్నా మాఫ్ చెయ్యకుండ పోయిండు చూడు. గది మింగుడు వడ్తలేదు."

నాహీద్ ఇన్ని రోజులు లోపల కట్టుకున్న మాట అక్కడితో కూలిపోయింది. చెప్పకపోతే ఈ పిల్ల జీవితాంతం ఈ బండ పక్కనే కూర్చుంటుంది. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తెలిసే చెప్పింది.

"చూడలేదు అమృతా."

"ఏంది?"

"మీ బాపు చూడలె. ఆయనకు కనబడలె. ఇక్కడెవ్వరికి కనబడలె." నాహీద్ పట్టిక గురించి, లైన్ల గురించి, ప్రివ్యూ లింకు గురించి చెప్పింది. చెబుతున్నంతసేపూ అమృత కళ్లలోకి చూడలేదు. "నీకు పంపిన బొమ్మ నేను నా తెర మీద తీసింది. ఊరికె అది. ఐదు రోజుల్ల మొత్తం అరవై ఒక్కసారి కనబడ్డది, ఎవరికో. పాపం ఆయన నీ మాట చదువనే లేదు. తప్పు నాది."

ఇంటి వెనక మగ్గాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి.

"చూడలేదా?" అంది.

"లేదే."

"నేను రాసింది చదివి కూడ పోలేదు కదా? ఒట్టు?"

"ఒట్టు."

అప్పుడు అమృత ఏడ్చింది. మొఖం మోకాళ్లలో పెట్టుకుని, పదకొండు రోజుల ఏడుపంతా ఒక్కసారే ఏడ్చింది. "బాపూ, బాపూ" అంటూ నాహీద్ చున్నీని గుప్పెట్లో పట్టుకుంది. నాహీద్ ఆమె వీపు నిమురుతూ తనూ ఏడ్చింది. చెప్పడమే మంచిదైందని కూడా ఒక క్షణం అనుకుంది. అంత తొందరగా అనుకోవడం మనుషులకు అలవాటు.

ఏడుపు ఆగాక అమృత కొంగుతో మొఖం తుడుచుకుంది. గుప్పెట్లో ఉన్న చున్నీ వదిలేసింది. ఏదో లెక్క గుర్తుతెచ్చుకుంటున్నట్టు నేలవైపు చూసింది.

"గురువారం నీకు ఫోన్ చేసిన కదా నేను" అంది నెమ్మదిగా. "వేములవాడ పోతనన్న. నడిచి పోతనన్న."

నాహీద్ ఆమె వీపు మీది చేయి తీసేసింది.

"బుధవారం పొద్దుమీకే వచ్చిండట ఆడికి. గురువారం ఉన్నడు. శుక్రవారం ఉన్నడు. శనివారం ఉన్నడు." ఒక్కో రోజుకు ఒక్కో వేలు మడిచింది. "నువ్వు వద్దన్నవ్. ఫోన్ కాడ ఉండుమన్నవ్. నేను ఫోన్ ఒళ్లె పెట్టుకోని కూసున్న."

లోపలినుంచి మొగిలవ్వ గొంతు వినబడింది. "ఏమాయె అమృతా? గంత ఏడ్సుడు ఇనవడె. ఏమంటుంది గా పిల్ల? చాయ పెడుత, తాగి పొమ్మను."

అమృత లేచి నిలబడింది. నాహీద్ వైపు చూడలేదు. గుమ్మం దగ్గరికి పోయి, తల్లికి వినబడేట్టు మామూలు గొంతుతో అంది.

"ఏం లేదు అవ్వ. చాయ వద్దట. బస్సు టైమైతుందట, పోతదట."